ఏప్రిల్ ఎండలకి మోయినా కల్చర్ మూడోసారి పోయింది. తప్పు వేడిదా, నేను వేసే తిండిదా?

మల్కాజ్‌గిరి_గప్పీ

అందరికీ నమస్కారం. మాది మల్కాజ్‌గిరి. టెర్రస్ మీద గప్పీలు, ఫైటర్ చేపలు పెంచుతాను. వాటి పిల్లలకి తిండి కోసం రెండేళ్ల నుంచి మోయినా (నీళ్లలో ఈదే ఆవగింజ కంటే చిన్న ప్రాణులు) కల్చర్, అంటే పెంపకం, కూడా చేసుకుంటున్నాను. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు టబ్బుల్లోంచి రోజూ టీ వడగట్టే జాలీతో తీసి పిల్లలకి వేసినా తరిగేవి కావు. మార్చి చివర్లో మొదలైంది సమస్య. ఒక టబ్బులో ఆదివారం నీళ్లు కనపడనంత మోయినా ఉంది, మా అమ్మాయి చూసి బియ్యం కడిగిన నీళ్లలా ఉందంది, బుధవారం పొద్దున చూస్తే అడుగున తెల్లటి పొట్టు తప్ప ఏమీ లేదు, నీళ్లు కొంచెం వాసన కూడా వస్తున్నాయి. పక్క టబ్బు నుంచి తీసి మళ్లీ మొదలుపెట్టాను. పది రోజుల్లో అదీ పోయింది. మొన్న మూడోది.

వివరాలు చెప్తాను. 40 లీటర్ల నల్ల ప్లాస్టిక్ టబ్బులు, ఆరుబయటే ఉంటాయి, మూడు గంటల తర్వాత పక్క బిల్డింగు నీడ పడుతుంది. మంజీరా కుళాయి నీళ్లు ఒక రోజంతా తెరిచి ఉంచి వాడతాను. తిండి రోజుకి ఒక్కసారి, పొద్దున పావు చెంచా ఈస్ట్ గోరువెచ్చని నీళ్లలో కలిపి పోస్తాను, వారానికి రెండు సార్లు ఒక మగ్గు పచ్చ నీళ్లు, అంటే నాచు పెరిగిన నీళ్లు. చలికాలంలోనూ ఇదే లెక్క. థర్మామీటరు పెట్టి చూశాను, పొద్దున ఆరింటికి 27 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 37.

తెలిసిన ముగ్గురిని అడిగాను. ఒకరు ఎండకే చచ్చాయి, నీడలో పెట్టు అన్నారు. ఒకరు తిండి ఎక్కువై నీళ్లు చెడిపోయాయి, తగ్గించు అన్నారు. ఇంకొకరు తిండి చాలక చచ్చాయి, పెంచు అన్నారు. మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు అర్థం కాలేదు. వేడిగా ఉంటే ఇవి ఇంకా తొందరగా పిల్లలు పెట్టాలి కదా, మొదట పెట్టాయి కూడా, మరి ఒక్కసారిగా ఎందుకు ఖాళీ అవుతున్నాయి? ఇప్పుడు నా దగ్గర ఫైటర్ పిల్లలు రెండు వందల దాకా ఉన్నాయి, ప్రాణంతో కదిలే తిండి తప్ప ముట్టని వయసు, చాలా టెన్షన్‌గా ఉంది. కారణం తెలిసిన వాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బోడుప్పల్_డ్రమ్ములు

అన్నా, 37 అంటే మోయినా కూడా తట్టుకోలేదు. ముందు ఆ నల్ల టబ్బులు తీసేయండి, ఎండనంతా అవే లాగేసుకుంటాయి. నేను తెల్ల డ్రమ్ములు వాడతాను, పైన షేడ్ నెట్ రెండు పొరలు, చుట్టూ తడి గోనె పట్టా. దాంతోనే మధ్యాహ్నం 31, 32 దాటకుండా ఉంటుంది. ఇంకో మాట, అన్ని టబ్బులూ ఒకే చోట ఒకేలా పెట్టకండి, పోతే అన్నీ కలిసి పోతాయి. నేను ఒక పాత రంజన్‌లో పది లీటర్ల కల్చర్ వేరేగా బాల్కనీలో పెట్టుకుంటాను. మట్టి కుండ నీళ్లు ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటాయి కదా, ఊరే నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది. పోయిన మే నెలలో డ్రమ్ములన్నీ ఖాళీ అయితే నన్ను కాపాడింది ఆ రంజనే.

మీకు మొదలుపెట్టడానికి కల్చర్ కావాలంటే నా దగ్గర ఉంది, వచ్చి తీసుకెళ్లండి.

జువాలజీ_మేడమ్

మీకు చెప్పిన ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. వేడినీ తిండినీ విడివిడిగా చూస్తే ఆ మూడు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు, కలిపి చూస్తే మూడూ ఒకే కథలో ముక్కలు. నేను డిగ్రీ పిల్లలకి చెప్పే పాఠమే ఇది, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మోయినా, దాని పెద్ద బంధువు డాఫ్నియా లాంటి వాటికి సొంత ఒంటి వేడి ఉండదు. నీళ్లెంత వేడిగా ఉంటే ఒళ్లూ అంతే. వాటికి అలవాటైన హద్దుల లోపల నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే ఊపిరి, అరుగుదల, గుడ్డు ఎదగడం, గుండె కొట్టుకోవడం అన్నీ సుమారుగా రెండింతల వేగం అందుకుంటాయి. ఆ వేగానికి మూల్యం ఆయుష్షు. డాఫ్నియా మాగ్నా మీద 1929లో అచ్చయిన ప్రయోగం ఒకటి ఉంది, 8 డిగ్రీల నీళ్లలో అవి సగటున 108 రోజులు బతికాయి, 18 డిగ్రీల్లో 42 రోజులు, 28 డిగ్రీల్లో 26 రోజులు. చల్లటి నీళ్లలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి, జీవితం మొత్తంలో కొట్టుకునే సార్లు లెక్కేస్తే పెద్ద తేడా కనపడలేదు. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మోయినాకి 24 నుంచి 31 డిగ్రీలు హాయి. ఆ వేడిలో పుట్టిన పిల్ల నాలుగు నుంచి ఏడు రోజుల్లో తల్లి అవుతుంది, తర్వాత రెండు రోజులకో కాన్పు, కాన్పుకి నాలుగు నుంచి ఇరవై రెండు దాకా పిల్లలు, అదీ మగవాటి అవసరమే లేకుండా. మీ టబ్బు చలికాలంలో నెమ్మదిగా నిండి, మార్చిలో ఒక్కసారిగా పొంగింది అందుకే.

ఇప్పుడు తిండి సంగతి. ఒళ్లు రెండింతల వేగంతో పనిచేస్తుంటే, ఏమీ ఎదగకుండా ఊరికే బతికుండడానికి కూడా రెండింతల తిండి కావాలి. తినేది, ఊపిరికి ఖర్చయ్యేది సరిసమానమయ్యే ఒక కనీస మోతాదు ఉంటుంది నీళ్లలో. అంతకంటే తక్కువైతే ప్రాణి ఎండిపోవడం మొదలవుతుంది. ఆ కనీస మోతాదు స్థిరంగా ఉండదు, వేడితో పాటు పైకి జరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఒక హద్దు దాటాక నీళ్లు వడగట్టే కాళ్ల వేగం పడిపోతుంది, ఊపిరి ఖర్చు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అంటే 37 డిగ్రీల దగ్గర పళ్లెం నిండా అన్నం ఉన్నా తినలేని స్థితి. జనవరిలో మీ పావు చెంచా విందు అయితే, ఏప్రిల్లో అదే పావు చెంచా అర్ధాకలి, పైగా తినే నోళ్లు పదింతలు. తిండి చాలలేదు అన్న మనిషి చూసింది ఇదే.

మరి పెంచితే సరిపోతుందా అంటే, లేదు. ఎందుకంటే వేడి నీళ్లు మోయగలిగే బరువు తక్కువ. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే, హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంకాస్త తక్కువ. ఒకేసారి పోసిన ఈస్ట్‌లో తినగా మిగిలింది అడుగుకి చేరుతుంది, బ్యాక్టీరియా ఆ వేడికి రెండింతల వేగంతో దాని మీద పడి, ఉన్న ఆక్సిజన్ తాగేస్తుంది. మీకు వచ్చిన వాసన అదే. తెల్లవారుజామున ఒకసారి చూసి ఉంటే మోయినా అంతా పైకి చేరి, ఎర్రగా కనిపించి ఉండేది. ఆక్సిజన్ తగ్గితే అవి రక్తంలో హిమోగ్లోబిన్ పెంచుకుంటాయి.

అమ్మోనియా కూడా ఉంది. నీళ్లలో మొత్తం అమ్మోనియా ఎంతున్నా, అందులో విషంగా పనిచేసే భాగం వేడితోనూ పీహెచ్‌తోనూ (నీళ్ల క్షారగుణం కొలత) పెరుగుతుంది. పీహెచ్ 8 దగ్గర 20 డిగ్రీల్లో ఆ భాగం దాదాపు 4 శాతం, 30 డిగ్రీల్లో 7.5 శాతం. పీహెచ్ 9 అయితే 30 డిగ్రీల్లో 45 శాతం దాకా పోతుంది. చిక్కటి పచ్చ నీళ్లలో మధ్యాహ్నం పూట పీహెచ్ 9 దాటడం మామూలే, నాచు కార్బన్ డై ఆక్సైడ్‌ని లాగేస్తుంది కదా. అంటే పొద్దున బాగున్న నీళ్లే మధ్యాహ్నానికి విషం కావచ్చు, వాసన కూడా రాదు.

ఇక ఒక్కసారిగా ఎందుకు ఖాళీ అయింది అన్నారు. నిజానికి ఒక్కసారిగా కాలేదు, మీకు ఆలస్యంగా తెలిసింది. ఈ రోజు పుట్టే పిల్లలు రెండు రోజుల కిందటి తిండితో కట్టిన గుడ్లు. కాబట్టి తిండి అయిపోయాక కూడా ఒకటి రెండు రోజులు పిల్లలు పుడుతూనే ఉంటారు, సంఖ్య పెరుగుతూనే కనిపిస్తుంది. మీరు ఆదివారం చూసి సంతోషపడింది ఆ చివరి కాన్పే. ముందు గుడ్లు ఆగుతాయి, తర్వాత ఒంట్లో నిల్వ లేని చిన్నపిల్లలు పోతాయి, చివరికి పెద్దవి.

అందుకే టబ్బులో ఎన్ని ఉన్నాయో చూడకండి, గుడ్లు చూడండి. పది పెద్దవాటిని ఒక చుక్క నీళ్లలో తీసి పది రెట్ల భూతద్దంతో చూస్తే వీపు సంచిలో గుడ్లు స్పష్టంగా తెలుస్తాయి. పేగు కూడా కనిపిస్తుంది, తిన్నది గంటలోపే బయటికి పోతుంది కాబట్టి పేగు ఖాళీగా ఉందంటే ఇప్పుడు ఆకలితో ఉన్నట్టు. పదింటిలో ఏడెనిమిదింటికి గుడ్లుంటే నిశ్చింత. రెండు మూడింటికే ఉంటే సగం కల్చర్ ఆ రోజే తీసి చేపలకి వేసేయండి, మిగతా వాటికి తిండి సరిపోతుంది.

వేసవికి నా సలహా ఒక్కటే, రోజు మొత్తం మీద ఈస్ట్ పెంచకుండా దాన్నే మూడు నాలుగు భాగాలు చేసి వేయండి, పోసినది రెండు మూడు గంటల్లో నీళ్లు తేటపడేంత మాత్రమే పోయండి. నీడ ఎలాగూ కావాలి, నీడ లేకుండా ఏ లెక్కా నిలబడదు.

కొల్లేటి_చేపపిల్ల

మేడమ్ చాలా బాగా చెప్పారు. మాది కైకలూరు వైపు, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాను. మా నాన్న ముప్పై ఏళ్లు సీడ్ చెరువులు (చేపపిల్లల్ని పెంచే చెరువులు) చేశారు, ఆయన దగ్గర చూసింది చెప్తాను.

స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) వదిలే ముందు నర్సరీ చెరువుకి పేడ, వేరుశనగ చెక్క, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు తయారు చేస్తారు. ముందు రోటిఫర్లు అనే ప్రాణులు వస్తాయి, చాలా చిన్నవి, అప్పుడే నోరు తెరిచిన పిల్లకి సరిపోయేవి. ఆ తర్వాత మోయినా, డాఫ్నియా రకాలు. చివరికి కోపెపాడ్‌లు, ఇవీ నీళ్లలో ఈదే చిన్న ప్రాణులే. పిల్లని ఆ వరసలో సరైన రోజున వదలాలి, కొన్ని రకాల పెద్ద కోపెపాడ్‌లు వచ్చాక వదిలితే అవే స్పాన్‌ని పొడిచి తింటాయి. నాన్న ప్లాంక్టన్ నెట్‌లో (ఈ చిన్న ప్రాణుల్ని వడగట్టే సన్నటి వల) 50 లీటర్ల నీళ్లు పోసి, అడుగున గాజు గొట్టంలో ఎంత పేరుకుందో చూసేవారు, ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు ఉంటే వదలొచ్చు అనేవారు. ఎండ బాగా కాసే రోజుల్లో అదే ఎరువుకి నీళ్లు తొందరగా తయారవుతాయి, కానీ తొందరగా దిగిపోతాయి కూడా, చలి రోజుల్లో దొరికే వ్యవధి ఉండదు. అందుకే వేసవిలో గొట్టం పొద్దునా సాయంత్రం రెండు పూటలా చూసేవారు, చెక్క ఒకేసారి గుమ్మరించకుండా నానబెట్టి కొంచెం కొంచెంగా చల్లించేవారు. మబ్బు పట్టిన రోజు అసలు వేయనిచ్చేవారు కాదు, ఆ రోజు నాచు ఆక్సిజన్ సరిగా చేయదు, రాత్రికి చెరువు ఊపిరాడక పోతుంది. మీ టబ్బుకీ అదే వర్తిస్తుంది, మే నెలలో సాయంత్రం గాలివాన మబ్బు పట్టిందంటే ఆ పూట తిండి మానేయండి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వేరు. ఈస్ట్ మీద ఇంత ఆధారపడటం నాకు నచ్చదు. ఈస్ట్‌తో మోయినా సంఖ్య పెరుగుతుంది కానీ దాన్ని తిన్న చేపపిల్లలో ఆ బలం రాదు, మంచి కొవ్వులు నాచులోనే ఉంటాయి. పచ్చ నీళ్లకి ఇంకో లాభం, మిగిలిపోయినా అది బతికే ఉంటుంది, పగలు ఆక్సిజన్ ఇస్తుంది, ఈస్ట్‌లా అడుగున కుళ్లదు. మరీ చిక్కగా కాకుండా లేత పచ్చగా, చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు మసకగా కనపడేలా ఉంచుకుంటే చాలు.

నెక్లెస్_రోడ్_నడక

నాకు చేపల గురించి తెలియదు, రోజూ పొద్దున హుస్సేన్ సాగర్ పక్కన నడుస్తాను. ఈ చర్చ చదివాక ఒక అనుమానం. ఎండాకాలంలో ఆ నీళ్లు ముదురు పచ్చగా పెయింట్ కలిపినట్టు ఉంటాయి. నాచే తిండి అయితే అక్కడ ఈ ప్రాణులు కోట్లలో ఉండాలి, అవి ఆ పచ్చదనాన్నంతా తినేసి నీళ్లు తేట చేయాలి కదా? ఎందుకు చేయడం లేదు?

జువాలజీ_మేడమ్

చాలా మంచి ప్రశ్న. పచ్చగా ఉన్నదంతా తిండి కాదు, అదే అసలు విషయం.

మురుగు కలిసిన చెరువుల్లో వేసవిలో పైకి తేలే ఆ పెయింట్ లాంటి పొర ఎక్కువగా మైక్రోసిస్టిస్ లాంటి సయనోబ్యాక్టీరియా, అంటే నాచులా కనిపించే బ్యాక్టీరియా. 25 డిగ్రీలు దాటిన నిలవ నీళ్లంటే వాటికి ప్రాణం. జిగురు పట్టి గుంపులుగా ఉంటాయి, ఆ గుంపు డాఫ్నియా నోటికి పట్టదు, పట్టినా వడగట్టే వెంట్రుకలకి అడ్డం పడుతుంది. వాటిలో ప్రాణులకి కావాల్సిన స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ లాంటి కొవ్వు పదార్థాలు) ఉండవు, ఒమేగా కొవ్వులు చాలా తక్కువ, కొన్ని రకాలు విషం కూడా తయారు చేస్తాయి. అంటే వేడి ఒక చేత్తో ఈ ప్రాణుల ఆకలి పెంచుతుంది, రెండో చేత్తో తినగలిగే నాచుని తీసేసి తినలేనిదాన్ని పెట్టి పోతుంది. కూకట్‌పల్లి సోదరుడు నాచు గురించి చెప్పింది నిజమే, కానీ అది క్లోరెల్లా, సీనెడెస్మస్ లాంటి అసలు పచ్చ నాచుల సంగతి. మల్కాజ్‌గిరి గారూ, మీ పచ్చ నీళ్లు నీలి ఆకుపచ్చగా మారి పైన మీగడలా కడితే మాత్రం వాడకండి.

చల్లటి దేశాల సరస్సుల్లో మీరనుకున్నట్టే జరుగుతుంది. చలికాలం పోగానే నాచు పెరుగుతుంది, దాని వెనకే డాఫ్నియా పొంగుతుంది, కొన్ని వారాల్లో నాచంతా తినేసి నీళ్లు అడుగు కనపడేంత తేటగా చేస్తుంది, ఆ తర్వాత తిండి లేక తనే పడిపోతుంది. ఆ వరసని 1986లో యూరప్ శాస్త్రవేత్తల బృందం ఒకటి పద్ధతిగా రాసిపెట్టింది. మనకి అంత చలి లేదు. ఇక్కడ నీళ్లని మార్చేవి వానలు, వరద మట్టి, వేసవిలో చెరువు కుంచించుకుపోవడం. పైగా మన చెరువుల్లో చేపలు ఏడాది పొడవునా పిల్లలు పెడుతూ, కంటికి కనిపించే పెద్ద డాఫ్నియాని ముందే ఏరుకు తింటాయి, అందుకే రోటిఫర్లు, చిన్న మోయినాలదే ఇక్కడ రాజ్యం. అయినా మనకీ వేడిని తట్టుకునే డాఫ్నియా ఉంది, లమ్‌హోల్ట్‌జీ అని, తల మీదా తోకకీ పొడవాటి ముల్లు ఉంటుంది, చిన్న చేపలు మింగలేవు. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా వేడి ప్రాంతాలది. 1990ల మొదట్లో అమెరికా జలాశయాల్లో కూడా తేలింది, అక్కడి డాఫ్నియాలు ఎండకి తగ్గిపోయే నెలల్లో అది పెరుగుతుంది.

మల్కాజ్‌గిరి_గప్పీ

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇరవై రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి.

బోడుప్పల్ అన్న దగ్గరికి మర్నాడే వెళ్లి ఒక సీసా తెచ్చుకున్నాను, డబ్బులు తీసుకోలేదు ఆయన. మేడమ్ చెప్పిన దాంట్లో వేడి ఎంత, తిండి ఎంత అని నా కళ్లతో చూడాలనిపించి, మూడు టబ్బులు మూడు రకాలుగా పెట్టాను. మొదటిది పాత చోటే ఎండలో, తిండి మాత్రం నాలుగు భాగాలు. రెండోది నీడలో, తిండి పాత పద్ధతిలో పొద్దున ఒకేసారి. మూడోది నీడలో, నాలుగు భాగాలు, ఈస్ట్ సగం తగ్గించి ఆ మేరకు పచ్చ నీళ్లు. నీడలో మధ్యాహ్నం 32 దాటలేదు.

రెండోది ఆరో రోజు వాసన పట్టింది, ఏడో రోజు ఖాళీ. నీడ ఒక్కటే చాలదని తెలిసింది. ఎండలో పెట్టింది నేను అనుకున్న దానికంటే ఎక్కువే నిలిచింది, తొమ్మిది రోజులు, వాసన కూడా రాలేదు, కానీ ఐదో రోజు నుంచే పదింటిలో ఒకటి రెండింటికి తప్ప గుడ్లు లేవు, ఒళ్లు కూడా చిన్నగా అయిపోయాయి, నెమ్మదిగా పలచబడి పోయింది. మూడోది ఇప్పటికీ నడుస్తోంది, రోజూ మూడో వంతు తీస్తున్నాను. పన్నెండో రోజు భూతద్దంతో చూస్తే నాలుగింటికే గుడ్లున్నాయి, పైకి చూస్తే మాత్రం టబ్బు నిండుగా ఉంది, నేనైతే చాలా బాగుందనుకునేవాణ్ణి. వెంటనే సగం తీసేసి చేపలకి వేశాను, రెండు రోజుల తర్వాత ఎనిమిదింటికి గుడ్లు. ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇంకో సంగతి. ఎండ టబ్బు పలచబడేటప్పుడు నీళ్ల అంచున ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు అంటుకుని కనిపించాయి, మురికి అనుకుని తుడిచేయబోయాను. అవి ఏమైనా పనికొచ్చేవా?

జువాలజీ_మేడమ్

తుడవకండి! అవి ఎఫిపియాలు, నిద్ర గుడ్లు. గుంపు ఎక్కువై, తిండి తగ్గినప్పుడు తల్లులు కొన్ని మగవాటిని కంటాయి, అప్పుడు జతకట్టి ఈ గట్టి పెంకు గుడ్లు పెడతాయి. ఎండినా చావవు, మన కుంటలు వేసవిలో ఎండిపోయి వానలు పడగానే మళ్లీ ప్రాణులతో నిండేది వీటి వల్లే. మెత్తటి బ్రష్షుతో తీసి కాగితం మీద నీడలో ఆరబెట్టి, చిన్న డబ్బాలో దాచుకోండి. కావాల్సినప్పుడు శుభ్రమైన నీళ్లలో వేసి వెలుతురులో పెడితే కొన్ని రోజుల్లో పగులుతాయి. అన్నీ ఒకేసారి పగలవు, నీళ్లు పారబోయకుండా ఆగాలి.

మీ మూడు టబ్బుల లెక్క మా విద్యార్థులకి చెప్పొచ్చా?

మల్కాజ్‌గిరి_గప్పీ

తప్పకుండా చెప్పండి మేడమ్. చుక్కలు యాభై దాకా తీశాను, మాత్రల డబ్బాలో పెట్టి మీద తేదీ రాశాను. మల్కాజ్‌గిరి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు ఎవరికైనా మోయినా కావాలంటే మూడో టబ్బులోంచి ఇస్తాను, పొద్దున ఎనిమిది లోపు రండి, ఆ తర్వాత ఎండలో తీసుకెళ్తే దారిలోనే పోతాయి.

బోడుప్పల్_డ్రమ్ములు

సీసా సగమే నింపండి అన్నా, పై సగం గాలి ఉండాలి. వెళ్లేటప్పుడు తడి గుడ్డ చుట్టుకుంటే ఇంకా మంచిది.